నెలాగితే ఇంటికే వస్తుందిగా నాన్నా!

2025 సంక్రాంతి తరవాతి శనివారం. న్యూజెర్సీ చలి ఎముకలు కొరికేస్తోంది. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారు మాత్రం పొద్దున్నే పట్టుచీర కట్టుకుని సోఫాలో సిద్ధంగా కూర్చున్నారు. ఆ రోజు ప్రోగ్రాం "సంక్రాంతికి వస్తున్నాం" మ్యాట్నీ. ఎనిమిదేళ్ళ మావాడు అప్పటికే బూట్లు తొడిగేసుకున్నాడు. పదమూడేళ్ళ మా అమ్మాయి మాత్రం ఫోన్లోంచి తలెత్తకుండా ఒక్క ముక్క అంది. "వై నాన్నా? నెలాగితే ఇంటికే వస్తుందిగా!"

మా ఆవిడ నా వంక చూసిన చూపుకి అర్థం నాకు తెలుసు. ఆ లెక్క పిల్లకి నేర్పింది నేనే మరి!

కన్సల్టెంట్ బుర్ర కదా, ఊరుకోదు. ఐదుగురికి టికెట్లు, పాప్‌కార్న్, సోడాలు కలిపితే 130 డాలర్లు. స్ట్రీమింగ్ చందా ఎటూ కడుతూనే ఉన్నాం. 2021 నవంబరులో డిస్నీ వారి "ఎన్‌కాంటో" హాళ్ళలోకి వచ్చినప్పుడు ఈ లెక్క వేసే, "ఆగండర్రా, క్రిస్మస్‌కి ఇంట్లోనే చూద్దాం" అని పిల్లల్ని ఆపాను. సరిగ్గా 30 రోజులకి, డిసెంబరు 24న, అది ఇంటికొచ్చేసింది. డబ్బు మిగిలింది. సినిమా మాత్రం ఆరుసార్లు ఆగింది. మధ్యలో నాకో క్లయింట్ కాల్, మావాడికి పాలు, మా ఆవిడకి కుక్కర్ విజిల్... పతాక సన్నివేశానికి మేలుకుని ఉన్నది మా అమ్మాయి ఒక్కతే.

మాలాగా ఆగిన ఇళ్ళు ఎన్నో! "ఎన్‌కాంటో"కి అమెరికా, కెనడా హాళ్ళలో వచ్చింది సుమారు 9.6 కోట్ల డాలర్లు. చిత్రమేమిటంటే, అందులోని "బ్రూనో" పాట ఇంటికొచ్చాకే ఊరూవాడా మోగి, 2022 ఫిబ్రవరిలో బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. పాట తెచ్చిన జనమంతా అప్పటికే సోఫాల్లో ఉన్నారు. అయితే అప్పుడు కరోనా భయం ఇంకా పోలేదు, చిన్నపిల్లలకి టీకాలు అప్పుడప్పుడే మొదలయ్యాయి. కనుక తప్పంతా స్ట్రీమింగ్‌దే అనను.

రోజులు కాదు, ధర ముఖ్యం

హాల్లో విడుదలకీ, ఇంటికి రావడానికీ మధ్య గడువుని సినిమావాళ్ళు "విండో" అంటారు. కరోనాకి ముందు అమెరికాలో అది సుమారు 3 నెలలు. 2020 ఏప్రిల్లో "ట్రోల్స్ వరల్డ్ టూర్" పిల్లల సినిమాని హాళ్ళు మూతపడి ఉండగా యూనివర్సల్ సంస్థ నేరుగా ఇళ్ళకి, దాదాపు 20 డాలర్ల అద్దెకి ఇచ్చింది. ఏఎంసీ హాళ్ళవారు మండిపడ్డారు. మీ సినిమాలే ఆడించం పొమ్మన్నారు. జూలైకల్లా రాజీ కుదిరింది. 17 రోజులు హాల్లో ఆడితే చాలు, తరవాత ఇంట్లో అద్దెకివ్వవచ్చు.

ఇంక పిల్లల సినిమాల పని అయిపోయిందనుకున్నాం. కానీ అదే సంస్థ 2022 డిసెంబరు 21న "పుస్ ఇన్ బూట్స్: ద లాస్ట్ విష్" విడుదల చేసింది. 16 రోజులకే ఇంట్లో అద్దెకి పెట్టేసింది. అయినా మొదటి వారాంతంలో 1.24 కోట్ల డాలర్లతో మొదలైన ఆ పిల్లి అమెరికా, కెనడాల్లో 18 కోట్లు దాటేదాకా హాల్లోనే కూర్చుంది!

తేడా ఎక్కడుంది? నాకు తోచింది ఇది. అద్దెకి తీసుకుంటే మళ్ళీ చేతి డబ్బు పెట్టాలి. "ఇంకాస్త వేస్తే హాలుకే వెళ్ళొచ్చుగా" అనిపిస్తుంది. చందాలో వచ్చే సినిమా అలా కాదు. దానికి డబ్బు ముందే కట్టేశాం, కాబట్టి ఉచితమనిపిస్తుంది. పైగా తేదీ ముందే తెలిస్తే ఇక కదలం. మేము మాస్టర్స్ చదివే రోజుల్లో ఆస్‌బర్న్ కంప్యూటర్ కథ చెప్పేవారు. 1983లో ఆ కంపెనీ, ఇంతకన్నా మంచి మోడల్ రాబోతోందని ముందే చాటుకుందట. కొనేవాళ్ళంతా ఆగిపోయారట. కంపెనీ అదే ఏడు దివాలా తీసింది. ఆ కథలో అతిశయోక్తి ఉందనేవారూ ఉన్నారు గానీ, నీతి మాత్రం సినిమాహాలుకి సరిగ్గా సరిపోతుంది.

కుటుంబం కదలాలంటే...

కుర్రకారు ప్రీమియర్ రాత్రే వెళ్ళిపోతారు. కుటుంబం సంగతి వేరు. శనివారం పొద్దున సాకర్, మధ్యాహ్నం కూచిపూడి క్లాసు, సాయంత్రం ఎవరిదో పుట్టినరోజు. అందరికీ తీరిక కుదిరేసరికి రెండో వారమో, మూడో వారమో అవుతుంది. పిల్లల సినిమా స్కూలు బస్సు లాంటిది. ఒక్కో స్టాపులో ఒక్కో ఇంటిని ఎక్కించుకుంటూ మెల్లగా నిండుతుంది.

పిక్సార్ వారి "ఎలిమెంటల్" ఇందుకు సాక్ష్యం. అంతకుముందు అదే పిక్సార్ సినిమాలు మూడు, "సోల్", "లూకా", "టర్నింగ్ రెడ్", అమెరికాలో దాదాపుగా హాలు మొహం చూడకుండా నేరుగా చందాదారుల ఇళ్ళకి వచ్చాయి. పిక్సార్ అంటే ఇంట్లో చూసేది అని మనకి అలవాటు చేశారు. 2023 జూన్‌లో "ఎలిమెంటల్" మొదటి వారాంతం 2.96 కోట్ల డాలర్లే. పోయిందన్నారందరూ. కానీ దాన్ని దాదాపు 3 నెలలు చందాలోకి రానివ్వలేదు. చివరికి అమెరికా, కెనడాల్లోనే 15 కోట్లు దాటింది. అంటే మొదటి వారాంతానికి ఐదు రెట్లు!

మన నిర్మాతలకీ ఈ సంగతి అనుభవమైంది. 2022 ఆగస్టు 1 నుంచి తెలుగు నిర్మాతల గిల్డ్ షూటింగులు ఆపి చర్చించిన విషయాల్లో ఓటీటీ గడువు ఒకటి. అంతకుముందే "ఎఫ్3" వాళ్ళు, మే 27న విడుదలైన తమ సినిమా 8 వారాల దాకా ఓటీటీలో రాదని చెప్పారు. అన్నట్టే జూలై 22న ఇచ్చారు. 2025లో "మహావతార్ నరసింహ" యానిమేషన్ జూలై 25న చిన్నగా మొదలై, నోటిమాటతో వారాల తరబడి ఆడి, సెప్టెంబరు 19న నెట్‌ఫ్లిక్స్‌కి వచ్చింది. అదీ 8 వారాలే. ప్రహ్లాదుడి కథ తెలియని ఇల్లుందా మనలో? అయినా పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళారు జనం.

హాల్లో బుల్లిరాజు

సరే, ఆ శనివారానికి వద్దాం. అమ్మాయిని బతిమాలి బయల్దేరదీశాం. హాలు నిండింది. ఓటీటీలు చూసి బూతులు నేర్చిన బుల్లిరాజు తెరమీదికి రాగానే మా అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. వెనక వరసలో ఎవరో తాతగారు ఆవిడకన్నా గట్టిగా నవ్వారు. మా అమ్మాయికి సగం మాటలు అర్థం కాలేదు. "అమ్మమ్మా, ఏమన్నాడు?" అంటూ ఆవిడ మీదికి వాలిపోయింది. "నీకు చెప్పేవి కావులే" అంటూనే చెవిలో చెప్పేశారావిడ! రెండున్నర గంటలు ఫోన్ బయటికి రాలేదు.

మార్చి 1న, విడుదలైన 46వ రోజున, అదే సినిమా జీ తెలుగులోనూ జీ5లోనూ ఒకేసారి వచ్చింది. ఇంట్లో పెట్టాం. పది నిమిషాలయ్యాక మా అమ్మాయి, "హాల్లో ఇంకా ఫన్నీగా ఉండింది కదా అమ్మమ్మా?" అంది.

"మరే! అక్కడ నవ్వడానికి తోడు బోలెడుమంది ఉన్నారుగా" అన్నారు అత్తయ్యగారు.

అన్ని సినిమాలకీ 130 డాలర్లు పెట్టమని నేను చెప్పను, నా జేబూ ఒప్పుకోదు. మా ఇంట్లో మాత్రం ఇప్పుడొక కొత్త లెక్క నడుస్తోంది. ఏడాదికి మూడు సినిమాలు, అందులో రెండైనా తెలుగువి, రెండో వారాంతంలోపే చూసేయాలి. ఎంచేది పిల్లలు, కట్టేది నేను. మిగతావి ఎలాగూ ఇంటికే వస్తాయి. హాల్లో ఆ నవ్వు మాత్రం రాదు.