గృహిణి – కాలపట్టిక

“ఇల్లు చూచి ఇల్లాలిని చూడు” అన్నారు పెద్దలు. ఇల్లు చూచినవారు వాకిట ముగ్గును చూచారు, మెరిసే గిన్నెలను చూచారు, వేళకు వడ్డించిన విస్తరిని చూచారు. ఆ ఇల్లాలి గడియారాన్ని మాత్రం ఎవరూ చూచినట్లు లేదు. తెల్లవారుజామున పాలు కాచడంతో మొదలై, రాత్రి వీధితలుపు గడియ వేయడంతో ముగిసే ఆమె దినంలో తనదని చెప్పుకోదగిన గంట ఏది? ప్రశ్న పాతదే. దానికి సమాధానం చెబుతామంటూ ముందుకు వచ్చిన సాధనాలు మాత్రం కొత్తవి.

చేతిఫోనులో గంట మ్రోగించి పని గుర్తుచేసే యాప్‌లు, వారానికీ నెలకూ గళ్ళు గీసి అచ్చువేసిన ప్లానర్లు, వేకువనే లేచి జీవితాన్ని మార్చుకొమ్మని బోధించే గ్రంథాలు – ఇవన్నీ ఆత్మాభివృద్ధి పేరిట ఇంటింటా ప్రవేశించాయి. ఇంటిపట్టున ఉండి బిడ్డలను పెంచే తల్లి వీటిని కొంటున్నది. వారం రోజులు శ్రద్ధగా నింపుతున్నది. ఎనిమిదోనాడు ఖాళీ గళ్ళను చూచి తన్ను తానే నిందించుకొంటున్నది. తప్పు ఆమెదా, ఆ గళ్ళదా? విచారించవలసిన విషయమే.

వ్రాసి గుర్తుంచుకోవడం మన ఇళ్ళకు కొత్త కాదు. మరువరాని పనికి కొంగున వేసుకొన్న ముడి, పాల లెక్కకు గోడమీద గీసిన బొగ్గుగీతలు, చాకలిపద్దు, క్యాలెండరులో గ్యాసుబండ వచ్చిన తేదీ చుట్టూ చుట్టిన సున్న – ఇవన్నీ ప్రణాళికా సాధనాలే. జపాను దేశంలో హని మోతోకో అనే పత్రికా రచయిత్రి 1904లో గృహిణులకోసం ‘కకేబో’ అనే ఇంటిపద్దు పుస్తకాన్ని ప్రవేశపెట్టింది. డబ్బుకు లెక్క వ్రాయడం ఇల్లాలికి అన్ని దేశాలలోనూ అబ్బిన విద్యయే. కాలానికి లెక్క వ్రాయడమే కష్టమైనది.

కాలపట్టికలను తలచుకొనగానే గుర్తువచ్చేవాడు అమెరికా దేశపు బెంజమిన్ ఫ్రాంక్లిన్. పద్దెనిమిదో శతాబ్దంలో ఫిలడెల్ఫియా నగరంలో అచ్చుకూటం నడిపిన ఈ మేధావి పదమూడు సుగుణాలను ఏరుకొని, ఒక్కొక్క గుణానికి ఒక్కొక్క పుట కేటాయించి, ఏడు రోజులకు ఏడు నిలువుగళ్ళు గీసి, తప్పిన చోటల్లా నల్లచుక్క పెట్టుకొన్నాడు. ఇరవైనాలుగు గంటలకూ పట్టిక వేసుకొన్నాడు. ఐదింటికి నిద్ర లేవాలి. ఎనిమిది నుండి మధ్యాహ్నం దాకా పని. తరువాత రెండు గంటలు చదువు, లెక్కలు, భోజనం. మరల సాయంత్రందాకా పని. ఆపైన వస్తువులు సర్దుకోవడం, రాత్రి భోజనం, సంగీతం, సంభాషణ. ఎంతో అందమైన పట్టిక! అయితే అందులో భోజనం చేయడానికి వేళ ఉన్నది; వండడానికి లేదు. భార్య డెబొరా కరపత్రాలు మడిచి కుట్టేదనీ, దుకాణం చూచేదనీ, కాగితం చేసేవారికోసం పాతగుడ్డలు కొనేదనీ ఆయనే స్వీయచరిత్రలో మెచ్చుకొంటూ చెప్పాడు. ఆమె దినచర్య మాత్రం ఏ పుటలోనూ గళ్ళకు ఎక్కలేదు.

అదే గ్రంథంలో ఫ్రాంక్లిన్ మరొక సత్యం చెప్పాడు. పదమూడింటిలో తన్ను మిక్కిలి బాధించినది ‘క్రమం’ అనే గుణమేనట. తన కాలం తన చేతిలో ఉన్న పనివానికి ఆ పట్టిక సాగుతుంది. ఎవరెవరి వేళలకో తలవంచవలసిన యజమానికి సాగదు అని ఆయన అనుభవం. బేరానికి వచ్చేవారి వేళలే అంతటివానికి అడ్డమైతే, పాలకేడ్చే పసిబిడ్డకూ, బడినుండి ఆకలితో వచ్చే పిల్లవానికీ, మందువేళ అయిన అత్తగారికీ తన గంటలను పంచి ఇవ్వవలసిన తల్లి మాట వేరే చెప్పాలా?

ఇరవయ్యో శతాబ్దారంభంలో క్రిస్టీన్ ఫ్రెడరిక్ అనే అమెరికన్ గృహిణి ఫ్యాక్టరీల కార్యనిర్వహణ శాస్త్రాన్ని వంటింటికి తెచ్చింది. గిన్నెలు తోమే తొట్టి ఎంత ఎత్తున ఉండాలి, వస్తువులు ఎక్కడ ఉంటే అడుగులు కలిసివస్తాయి అని పరిశీలించి 1912లో వ్యాసాలు, మరుసటి ఏడు పుస్తకం ప్రకటించింది. అడుగులు కలిసివచ్చాయి, యంత్రాలూ వచ్చాయి. తీరిక వచ్చిందా? చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో వెలువరించిన గ్రంథంలో ఈ ప్రశ్ననే చర్చించింది. సాధనాలతోపాటు శుభ్రతకూ రుచికీ కొలతలు పెరిగి, తల్లి పని తరగలేదని తేల్చింది. మన ఇళ్ళలోనూ అంతే గదా! రుబ్బురోలు పోయి మిక్సీ వచ్చింది. ఒక పచ్చడి చేసేచోట రెండు పచ్చళ్ళు వచ్చాయి.

మన దేశపు లెక్కలు కూడా ఉన్నవి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఆరేళ్ళు మొదలు ఆ పై వయస్సు స్త్రీలలో జీతంలేని ఇంటిపని చేసేవారు నూటికి 81 మంది. పురుషులలో 26 మంది మాత్రమే. చేసేవారినే లెక్కించినా స్త్రీకి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషునికి 97 నిమిషాలు. 2024 సర్వేలో ఇవి 289, 88 అయినవి. ఐదేళ్ళలో ఆమెకు పది నిమిషాలు తగ్గితే, ఆయనకూ తొమ్మిది తగ్గినవి! బిడ్డల, వృద్ధుల సంరక్షణ వీటిలో చేరలేదు. దాని లెక్క వేరు. ఈ సంఖ్యలు చూచిన పిమ్మట, ఖాళీ గడిని చూచి ఇల్లాలు సిగ్గుపడనక్కరలేదు.

అయితే పట్టికలను పారవేయవలసినదేనా? అక్కరలేదు, వాటిని తన ఇంటికి తగినట్లు దిద్దుకోవాలి. మొదటి వారం చేయవలసిన పనులు వ్రాయరాదు. చేసిన పనులు వ్రాయాలి. అప్పుడే దినం ఎటు పోతున్నదో తెలుస్తుంది. పనికి పట్టే కాలాన్ని మనుష్యులు తక్కువగా అంచనా వేస్తారని కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1979లోనే చూపారు. కనుక పట్టికలో మూడోవంతు ఖాళీగా విడిచిపెట్టడం వివేకం. జ్వరాలూ చుట్టాలూ చెప్పి రావు గదా!

రెండవది, గంటకు బదులు సందర్భానికి ముడివేయడం. “మూడింటికి చదువుతాను” అనుకొన్న తల్లికి మూడింటికే బిడ్డ లేస్తుంది. “బిడ్డ నిద్రపోగానే రెండు పుటలు చదువుతాను” అనుకొంటే ఆ చదువు సాగుతుంది. ‘ఇది జరిగినప్పుడు ఇది చేస్తాను’ అనే ఇటువంటి సంకల్పానికి బలమెక్కువని పీటర్ గోల్‌విట్జర్ 1999లో వివరించాడు.

మూడవది, తప్పిన రోజును క్షమించడం. లండనులో 96 మందిని పరిశీలించి 2010లో ప్రకటించిన అధ్యయనంలో, ఒక అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు, మనిషినిబట్టి 18 మొదలు 254 రోజుల దాకా పట్టింది. నడుమ ఒక్కరోజు తప్పినందువల్ల పెద్ద నష్టం కలుగలేదు. అలవాటుకు కావలసినది మరునాడు మరల మొదలుపెట్టే ఓర్పు.

ఆ పిడికెడు తీరికతో ఏమి సాధ్యమని అడిగేవారు భండారు అచ్చమాంబను స్మరించాలి. 1874లో పుట్టి 1905లో కన్నుమూసిన ఆమె బడికి పోలేదు, ఇంటివద్దనే చదువుకొన్నది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రచించింది. 1902లో ‘హిందూసుందరి’ పత్రికలో ‘ధనత్రయోదశి’ కథ వెలువరించింది. ఈనాటి గృహిణికి మరొక ద్వారం కూడా తెరచి ఉన్నది. 1982లో నెలకొల్పిన సార్వత్రిక విశ్వవిద్యాలయం – నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం – దేశంలో ఆ తరహా విద్యాసంస్థలలో మొదటిది. ఇంటనుండి చదివేవారికోసమే అది పుట్టింది. కాని పాఠ్యపుస్తకం ఇంటికి వచ్చినంత మాత్రాన చాలదు. దానిని విప్పే గంట కూడా రావాలి. ఆ గంటను ఏ యాప్ తేలేదు, ఏ ప్లానరూ అచ్చువేయలేదు. ఇంటిలోని వారే తమ గంటలలోనుండి తీసి ఇవ్వాలి.

కనుక ఈ పట్టిక వంటింటిలో దాచుకొనేది కారాదు. అందరికీ కనబడే గోడమీద ఉండాలి. అందులో అమ్మ పేరొక్కటే కాక నాన్న పేరు, పిల్లల పేర్లు కూడా ఉండాలి. ఉపాధ్యాయులు తలచుకొంటే ఇది సులువు. ఒక ఆదివారం నాడు తమ ఇంట ఏ పని ఎవరు, ఎంతసేపు చేశారో వ్రాసుకొని రమ్మని విద్యార్థులకు చెప్పవచ్చు. సోమవారం ఆ లెక్కలను తరగతిలో కూడిస్తే గణితమూ వచ్చును, లోకమూ తెలియును. మరుసటి ఆదివారం ఏ పని తాము పంచుకొంటారో పిల్లలే నిర్ణయించుకోవచ్చు. అరగంట పని పంచుకొన్న పిల్లవాడు తన తల్లికి అరగంట చదువు ఇచ్చినవాడవుతాడు.