ఫ్రీజర్‌లో గ్యాస్ ‘అయిపోదు’.. లీకైతేనే తగ్గుతుంది

మటన్ షాపులోనో, ఐస్‌క్రీమ్ పార్లర్‌లోనో డీప్ ఫ్రీజర్ చల్లబడడం మానేస్తే చాలామంది మెకానిక్‌ల నోట వచ్చే మాట ఒకటే. "గ్యాస్ అయిపోయింది భాయ్, నింపాలి." షాపాయన డబ్బు కట్టి నింపిస్తాడు. నెల, రెండు నెలలు గడిచాక మళ్లీ అదే కథ. నిజానికి ఫ్రీజర్‌లో గ్యాస్ బండిలో పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో బయటికి పోతున్నట్టే. ఆ చోటు వెతక్కుండా నింపిస్తే గ్యాస్ డబ్బులు పోతాయి, కంప్రెసర్ ఆగకుండా నడిచి కరెంటు బిల్లు పెరుగుతుంది, పైగా సరుకు పాడవుతుంది.

అయితే చల్లదనం తగ్గిన ప్రతిసారీ లీకే అనుకోనక్కర్లేదు. కండెన్సర్‌కు దుమ్ము పట్టినా, ఫ్యాన్ తిరగకపోయినా, డోర్ రబ్బరు వదులైనా ఇలాగే ఉంటుంది. ముందు అవి చూసుకోవాలి. ఇవన్నీ బాగానే ఉండి, కంప్రెసర్ ఆగకుండా నడుస్తూ, లోపల మంచు ఒక మూలనే పడుతుంటే అప్పుడు లీకును అనుమానించాలి.

గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా కొంత గొట్టాల్లో తిరుగుతుంది. అందుకే లీకైన చోట తరచూ జిడ్డు మరక కనిపిస్తుంది. పని తెలిసిన మెకానిక్ ముందు టార్చిలైటు వేసి వెల్డింగ్ అతుకులు, నట్లు, గ్యాస్ నింపే వాల్వ్ పిన్ను, గొట్టాలు ఒకదానికొకటి రాసుకునే చోట్లు చూస్తాడు.

తర్వాత సబ్బు నురగ. చవకైన పద్ధతే, కానీ ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆర్134ఏ గ్యాస్ మామూలు గాలి ఒత్తిడి దగ్గర మైనస్ 26 డిగ్రీలకు మరుగుతుంది. ఫ్రీజర్ గొట్టం అంతకంటే చల్లగా నడుస్తుంటే లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ. అప్పుడు చిల్లున్నా బుడగ రాదు. గ్యాస్ బయటికి రావడానికి బదులు గాలి, తేమ లోపలికి పోతాయి. అందుకే చల్లటి వైపు గొట్టాలను కంప్రెసర్ ఆపి, కాసేపయ్యాక పరీక్షించాలి. వేడి వైపు గొట్టాలను మాత్రం కంప్రెసర్ నడుస్తుండగా చూడాలి.

ఎలక్ట్రానిక్ డిటెక్టర్ ఉంటే ఫ్యాన్ ఆపి, మెల్లగా, అతుకుల కింది వైపు తిప్పాలి. ఈ గ్యాస్ గాలి కంటే బరువు కాబట్టి కిందికే దిగుతుంది. డిటెక్టర్ కూత పెట్టిన చోట సబ్బు నురగతో ఖాయం చేసుకుంటే మంచిది.

ఇలా చూసినా దొరక్కపోతే నైట్రోజన్ పరీక్షే మార్గం. మిగిలిన గ్యాస్ తీసేసి, రెగ్యులేటర్‌తో నైట్రోజన్ ఎక్కించి, గేజ్ ముల్లు దిగుతుందేమో కొన్ని గంటలు చూస్తారు. ఫ్రీజర్ లేబుల్‌పై ఉన్న ఒత్తిడి పరిమితి దాటకూడదు. వెల్డింగ్ కోసం తెచ్చిన ఆక్సిజన్ పక్కనే ఉంది కదా అని అది మాత్రం ఎక్కించనివ్వద్దు. కంప్రెసర్ ఆయిల్‌తో కలిస్తే పేలిపోతుంది.

పైకి మూత ఉండే ఫ్రీజర్లలో చల్లటి గొట్టాలు చాలావరకు లోపలి రేకు వెనకే ఉంటాయి, బయటికి కనిపించవు. అతుక్కుపోయిన మాంసం ప్యాకెట్‌ను కత్తితో పొడిచి లాగితే గొట్టానికి చిల్లు పడేది అక్కడే. ఆ వైపును విడదీసి దానికొక్కదానికే నైట్రోజన్ పెడితే లీకు గోడలోనే ఉందో లేదో తేలుతుంది. గోడలోనే ఉంటే రిపేరు ఖర్చుకూ, వేరే ఫ్రీజర్ ధరకూ లెక్క వేసుకున్నాకే పనికి ఒప్పుకోవాలి.

లేబుల్‌పై ఆర్290 గానీ, ఆర్600ఏ గానీ ఉంటే అది మండే గ్యాస్. ఆర్290 అంటే ప్రొపేన్. అలాంటి ఫ్రీజర్ దగ్గర అగ్గిపుల్ల, సిగరెట్, బర్నర్ ఏదీ ఉండకూడదు. గది తలుపులు తెరిచి ఉంచాలి. ఈ గ్యాస్‌ల పని తెలిసినవారినే పిలవాలి.

లీకు మూసిన వెంటనే గ్యాస్ పట్టేస్తే పని సగమే అయినట్టు. మళ్లీ ఒత్తిడి పరీక్ష చేయాలి, ఫిల్టర్ డ్రయర్ కొత్తది వేయాలి, పంపుతో వాక్యూమ్ చేయాలి. ఆ తర్వాతే లేబుల్‌పై ఉన్నన్ని గ్రాముల గ్యాస్‌ను కాటా మీద తూచి ఎక్కించాలి. లీకు ఎక్కడ దొరికింది, ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది బిల్లు మీద రాయించుకుంటే, మళ్లీ చల్లదనం తగ్గిన రోజు మాట్లాడ్డానికి చేతిలో కాగితం ఉంటుంది.