కడబంతికీ అందే వడ్డన

సెల్‌ఫోన్ నేటి మానవుని దైనందిన జీవితంలో విడదీయరాని భాగమైంది. చేతిలో ఇమిడే ఆ పరికరం మాటను మోసుకుపోతుంది. చిత్రాన్ని, ఉత్తరాన్ని, దస్తావేజును కూడా మోసుకుపోతుంది. ఇవన్నీ ఒకే క్షణంలో బయలుదేరవలసి వచ్చినప్పుడు ఏది ముందు, ఏది వెనుక అన్న నిర్ణయం అవసరమవుతుంది. ఆ నిర్ణయం ఎలా జరుగుతుందో తెలుసుకోవడం ఆసక్తికరమే కాదు, ఆలోచింపజేసేది కూడా.

ఒక సందర్భాన్ని ఊహించుకుందాం. ఊరి చివరి ఇంట్లో అర్ధరాత్రి వేళ ఒక వృద్ధునికి ఛాతీలో నొప్పి వచ్చింది. మనుమరాలు 108కు ఫోన్ చేసి ఇంటి గుర్తులు చెబుతున్నది. మాట్లాడుతూనే తాతగారి పాత గుండె పరీక్ష కాగితాన్ని ఫొటో తీసి, పట్టణంలోని వైద్యునికి పంపింది. అదే సమయంలో, ఆమె ప్రమేయం లేకుండానే, పగలు తీసిన పెళ్లి ఫొటోలు ఇంటర్నెట్‌లోని నిల్వకు చేరుతున్నాయి. మాట తెగకూడదు, కాగితం ఆగకూడదు, ఫొటోలు కొంత ఆలస్యమైనా నష్టం లేదు. కాని ఈ తారతమ్యం ఫోనుకు ఎలా తెలుస్తుంది?

టవరు నుండి ఫోనుకు సమాచారం వచ్చే మార్గాన్ని డౌన్‌లింక్ అనీ, ఫోను నుండి టవరుకు వెళ్లే మార్గాన్ని అప్‌లింక్ అనీ అంటారు. రెండింటికీ బలంలో ఎంతో వ్యత్యాసం ఉంది. టవరు పదుల వాట్ల శక్తితో ప్రసారం చేయగలదు. సాధారణ 4జీ ఫోను గరిష్ఠ ప్రసార శక్తి సుమారు 200 మిల్లీవాట్లు, అంటే వాటులో ఐదవ వంతు మాత్రమే. కనుక అప్‌లింక్‌లో ప్రతి అణువంత శక్తినీ ఆచితూచి వాడుకోవాలి.

సమాచారాన్ని మోసే రేడియో తరంగాల పట్టీకి క్యారియర్ అని పేరు. తెలుగులో వాహకం అనవచ్చు. 3జీపీపీ అనే అంతర్జాతీయ కూటమి 2008లో ఖరారు చేసిన ఎల్‌టీఈ ప్రమాణాల ప్రకారం ఒక వాహకం వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు మించదు. ఆ వెడల్పు చాలకపోవడంతో, 2011లో వెలువడిన పదవ విడత ప్రమాణాలు ఐదు వాహకాల వరకు కలిపి వాడుకునే వీలు కల్పించాయి. ఉదాహరణకు 850, 1800 మెగాహెర్ట్జ్ ప్రాంతాలలోని రెండు వాహకాల మీద ఒకే ఫోను ఏకకాలంలో సమాచారం పంపవచ్చు.

అయితే బాటలు రెండైనంత మాత్రాన బండి లాగే ఎద్దులకు బలం రెట్టింపు కాదు. రెండు వాహకాలూ పంచుకోవలసింది ఆ 200 మిల్లీవాట్లనే. టవరుకు దగ్గరగా ఉన్న ఫోనుకు రెండు బాటలూ లాభమే. ఊరి చివరి ఇంట్లోని ఫోనుకు మాత్రం ఉన్న శక్తిని రెండుగా చీల్చితే రెండు సంకేతాలూ బలహీనపడవచ్చు. అందుకే ఫోను తన వద్ద ఇంకా ఎంత శక్తి మిగిలి ఉందో టవరుకు నివేదిస్తూ ఉంటుంది.

ఈ వ్యవస్థలో అధికారం రెండు చోట్ల ఉంది. పంపవలసిన సమాచారం ఎంత పేరుకుపోయిందో ఫోను తెలుపుతుంది. ఏ వాహకం మీద ఎంత పంపవచ్చునో టవరు నిర్ణయించి అనుమతి ఇస్తుంది. ఎఫ్‌డీడీ పద్ధతిలో, అనుమతి అందిన నాలుగు మిల్లీసెకన్లకు ఫోను ప్రసారం చేయాలి. పాత్ర ఎంతటిదో చెప్పేది టవరు. అందులో ఏది నింపాలో నిర్ణయించేది ఫోనులోని మోడెమ్.

ఆ నింపే పద్ధతి మన బంతి భోజనాన్ని తలపిస్తుంది. మోడెమ్‌లో సమాచారం వేర్వేరు వరుసలలో నిలిచి ఉంటుంది. ఒక్కొక్క వరుసకు ఒక ప్రాధాన్యం, ఒక కనీస వాటా ముందే నిర్ణయమై ఉంటాయి. వ్యవస్థను నడిపే ఆదేశాలది అగ్రస్థానం, తరువాత మాట, చివర ఇంటర్నెట్ సమాచారం. మొదటి వడ్డనలో ప్రాధాన్య క్రమంలో ప్రతి వరుసకూ దాని కనీస వాటా మేరకే ఇస్తారు. ఇంకా చోటు మిగిలితే, మారు వడ్డనలో మొదటి వరుస తృప్తిగా తీరిన తరువాతనే రెండవదానికి, ఆపై మూడవదానికి ఇస్తారు. ఒక విడతలో అందని వాటా కొంత పరిమితి మేరకు తరువాతి విడతకు జమ అవుతుంది.

వాహకాలు రెండైనప్పుడు వడ్డన మరింత జటిలమవుతుంది. ఏ వాహకం అనుమతిని ముందుగా నింపాలన్న విషయాన్ని ఎల్‌టీఈ ప్రమాణాలు మోడెమ్ రూపకర్తల విచక్షణకే వదిలాయి. బలహీనమైన వాహకం మీద వెళ్లిన భాగం చెడితే దానిని మళ్లీ పంపాలి. అది చేరేవరకు దాని వెనుక భాగాలు ముందే చేరినా వేచి ఉండాలి. అందువల్ల ప్రతి భాగానికీ వరుస సంఖ్య వేస్తారు. అవతలి వైపు ఆ సంఖ్యల ప్రకారమే సమాచారాన్ని కూర్చుకుంటారు. శక్తి చాలనప్పుడు నియంత్రణ సమాచారానికి ముందుగా కేటాయించి, మిగిలిన ప్రసారాల శక్తిని తగ్గిస్తారు.

ఇప్పుడు ఆ ఊరి చివరి ఇంటికి తిరిగి వెళదాం. మనుమరాలి మాట ముందు వరుసలో ఉంది. పరీక్ష కాగితం, పెళ్లి ఫొటోలు రెండూ ఇంటర్నెట్ సమాచారమే కనుక చివరి వరుసలోనే ఉన్నాయి. వాటిలో ఏది ప్రాణానికి సంబంధించినదో మోడెమ్ ఎరుగదు. చివరిదే కదా అని ఆ వరుసను పూర్తిగా నిలిపివేస్తే పెళ్లి ఫొటోలతో పాటు గుండె పరీక్ష కాగితమూ నిలిచిపోతుంది. కనీస వాటా అనే నియమం విలువ ఇక్కడే తెలుస్తుంది.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. వడ్డించేవానికి మనవారు, పరాయివారు అన్న భేదమే తెలియనప్పుడు, కడబంతిలో కూర్చున్నవారిని కాపాడవలసింది నియమమే. ముఖ్యమైనదానికి ముందు చోటు, చివరిదానికీ తగిన వాటా: మిల్లీసెకన్ల కాలంలో మోడెమ్ పాటిస్తున్న ఈ ధర్మం, కొద్దిపాటిని పలువురికి పంచవలసిన ప్రతి చోటా మనుషులకూ వర్తిస్తుంది.