సింహాసనము గోరని రాజపుత్రుడు

విదురునకు హస్తినాపురమున ధర్మము చెప్పు హక్కుండెను గాని రాజ్యమేలు హక్కు లేకుండెను. అట్టి పురుషుడొకడు పండ్రెండవ శతాబ్దపు ఇంగ్లండు చరిత్రమునను గానవచ్చుచున్నాడు. అతడు మొదటి హెన్రీ రాజునకు వివాహేతర సంబంధమున జన్మించిన రాబర్టు, గ్లాస్టరు ప్రభువు.

1120 నవంబరు 25వ తేదీ రాత్రి 'శ్వేతనౌక' నార్మండీ తీరమున బండను దాకి మునిగెను. హెన్రీకి ఔరసుడైన యేకైక పుత్రుడు విలియము అందు మరణించెను. అక్రమసంతానము ఇరువదిమందికి పైబడి యున్నను, సింహాసనార్హుడైన కుమారుడు రాజునకు లేడయ్యెను. అంతట నాతడు తన కుమార్తె మటిల్డాకు విధేయులమై యుందుమని ప్రభువులచే ప్రమాణము చేయించెను. రాబర్టును, రాజు మేనల్లుడు స్టీఫెనును ఆ ప్రమాణము చేసినవారే. 1135 డిసెంబరు 1న హెన్రీ మరణించెను. ఆ నెల ముగియకముందే స్టీఫెను కిరీటము ధరించెను.

రాబర్టునే రాజు కమ్మని కొందరు ప్రోత్సహించిరనియు, అతడు నిరాకరించెననియు సమకాలిక చరిత్రకారుడొకడు వ్రాసెను. ఇచట నొక విచిత్రము గలదు. 1066లో ఇంగ్లండును జయించిన విలియము, ఈ రాబర్టునకు పితామహుడు, తానును అక్రమసంతానమే! తాతకు అడ్డురాని జన్మము మనుమనికి అడ్డువచ్చెను. ఈ నడిమికాలమున మతాధికారుల వివాహశాసనములు కఠినమై యుండెను.

రాబర్టు చరిత్రము నిష్కళంకము గాదు. 1136లో అతడు స్టీఫెనునకు షరతులతో విధేయత తెలిపెను. 1138లో దానిని త్యజించెను. మరుసటి యేట సవతి చెల్లెలితో ఆరండెలు రేవున దిగి, బ్రిస్టలు దుర్గము కేంద్రముగా యుద్ధము నడపెను. 1141 ఫిబ్రవరి 2న లింకను రణమున స్టీఫెను పట్టువడెను. కాని మటిల్డా పరుషవర్తనమును సహింపక లండను పౌరులు ఆమెను వెడలగొట్టిరి. సెప్టెంబరులో వించెస్టరునుండి ఆమె తప్పించుకొని పోవుచుండగా, వెనుకనుండి శత్రువుల నడ్డగించిన రాబర్టు స్వయముగా బందీ యయ్యెను. అతనిని విడిపించుటకై ఆమె పక్షము రాజునే విడిచిపెట్టెను. కిరీటము లేని యా పురుషుని విలువ కిరీటధారి విలువతో సమానమయ్యెను!

1142లో అతడు తొమ్మిదేండ్ల మేనల్లుని నార్మండీనుండి వెంటబెట్టుకొని వచ్చెను. 1147 అక్టోబరు 31న బ్రిస్టలులో మరణించెను. 1153లో సంధి కుదిరి, మరుసటి యేట ఆ మేనల్లుడే రెండవ హెన్రీగా సింహాసన మెక్కెను. నాటిన చెట్టు ఫలించెను, నాటినవాడు చూడలేదు.

స్వామిభక్తికి రాబర్టును కొనియాడవలసినదే. కాని యా కాలపు పీటర్‌బరో మఠవాసి వ్రాసిన వృత్తాంతమును గూడ చదువవలెను. ప్రజలచే వెట్టిచాకిరి చేయించి దుర్గములు కట్టించిరి. ధనముకొరకు జనులను చెరబెట్టి హింసించిరి. దున్నువారు లేక పొలములు బీడువడెను. సమర్థుని జన్మము తొలగించెను. ప్రమాణము పొందినదానికి స్త్రీత్వ మడ్డమాయెను. త్వరపడినవానికి కిరీటము దక్కెను. అర్హతను జన్మముతో కొలుచు రాజ్యమున ఆ కొలత తప్పినపుడు, దండుగ చెల్లించువాడు రాజు గాడు, రైతు.