ఇంటిగోడనుండి చిత్రశాలకు

ఫ్రాన్సు దేశమున మిలే అను చిత్రకారుడు 1857వ సంవత్సరమున ఒక పటమును ప్రదర్శించెను. కోతలైన చేనిలో ముగ్గురు బీదస్త్రీలు నడుములు వంచి పరిగ యేరుకొనుచుందురు. అందలి విషయమంతే. ఆ మాత్రమునకే పారిసు నగరములోని పెద్దమనుష్యులు కొందరు కలవరపడిరి. పరిగ యేరువారికింత పెద్ద పటమెందులకని వారి యాక్షేపణ. ఆ పటము చేతులు మారి తుదకు పొమ్మెరీ అను నొక ధనికురాలి యింటికి చేరెను. ఆమె 1890లో దానిని జాతికి దానముచేయుచు, తన జీవితకాలమున తనయొద్దనే యుండునట్లును, అటుపిమ్మట ప్రభుత్వ చిత్రశాలకు చేరునట్లును వ్రాసి యిచ్చెను. నేడది పారిసులోని ఓర్సే మ్యూజియమున నున్నది.

శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములవారికి పరిగ యన నేమో వేరుగ చెప్పనక్కరలేదు. ఉభాలు, ఏతము, కళ్ళము, కావిడి అన్న మాటలకును వ్యాఖ్యానము వలదు. ఇవి యన్నియు చిత్రములకెక్కినవే. శ్రీకాకుళమున 1921లో జన్మించిన వడ్డాది పాపయ్యగారి స్త్రీమూర్తులు పత్రికలద్వారా తెలుగు లోగిళ్ళన్నిటను ప్రవేశించినవి. మదరాసులో దేవీప్రసాద్ రాయ్ చౌధురిగారియొద్ద శిక్షణ పొందిన విజయనగరపు చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజుగారు పల్లెపడుచుల నలంకరణములతోడనే నిలిపిరి. వీరు పేరు పొందినవారు. పేరు పొందని డ్రాయింగు మాస్టర్లు వ్రాసిన పటములు ఎన్ని యిండ్లలో, ఏ వసారాలలో, ఏ అటకలమీద నున్నవో లెక్క తీసినవారు లేరు. నా ప్రసంగము ముఖ్యముగా అట్టివానిని గూర్చియే.

మా యింట నొక నీటిరంగుల పట మున్నది. పొందూరు దాపున మా పూర్వుల యింటిలో ఒక భాగమున అద్దెకుండిన యొక డ్రాయింగు మాస్టరు దానిని వ్రాసి, వెలపుచ్చుకొనకయే ఇచ్చెనట. అరుగుమీద మా నాయనమ్మ కూర్చుండి ప్రత్తి శుభ్రపరచుచుండును. ఆవల ఏతము, దాని వెనుక పచ్చనిమడి. వెనుకవైపున "1938, విశాఖపట్టణము జిల్లా" అని సిరాతో నున్నది. దీనిని మ్యూజియమున కిచ్చుటకు నేను పూనుకొన్నది మొదలు నాకు తెలిసివచ్చిన సంగతులు ఇతరులకును పనికివచ్చునని విన్నవించుచున్నాను.

మొదటి ప్రశ్న: పటమెవరిది? తాతతండ్రులనాటినుండి గోడకున్న వస్తువు తనదేయని యింటనుండువాడు తలచును. అది సరికాదు. ఉమ్మడి సొత్తులో హిందువు తన భాగమును మాత్రమే వీలునామాచే వ్రాయగలడని 1956నాటి హిందూ వారసత్వపు చట్టము చెప్పుచున్నది. పొలమునైన గట్టువేసి పంచుకొనవచ్చును. పటమును కోసి పంచుకొనుట యెట్లు? కావున వాటాదారులందరు సమ్మతించి సంతకములు చేయుట యొక్కటే త్రోవ.

రెండవది, వీలునామాయా, దానమా? 1925నాటి వారసత్వ చట్టము ననుసరించి వీలునామాపై వ్రాసినవాని సంతకమును, ఇద్దరు సాక్షుల సంతకములును ఉండవలెను. రిజిస్టరీ తప్పనిసరి కాదు. దానమన్ననో, 1882నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము, చరవస్తువును చేతికిచ్చినను చెల్లును, రిజిస్టరు దస్తావేజు వ్రాసినను చెల్లును. కాని దాత బ్రతికియుండగనే పుచ్చుకొనువారు అంగీకరింపవలెను. నా మట్టుకు నాకు దానమే మేలని తోచినది. ముందుగా అడుగక వీలునామాలో ఒక పంక్తి వ్రాసి కన్నుమూసినచో, పుచ్చుకొని తీరవలెనన్న నిర్బంధము మ్యూజియమునకు లేదు. కైబోత్ అను ఫ్రెంచి చిత్రకారుడు 1894లో మరణించుచు తన మిత్రుల చిత్రములను 60కి పైబడి ప్రభుత్వమునకు వ్రాసిపోగా, అధికారులు సుమారు 40 మాత్రమే తీసికొనిరి. కాదన్నవాని విలువ తరువాతి లోకమునకు తెలిసినది. అంతటివానికే అట్లు జరిగినపుడు మన డ్రాయింగు మాస్టరుమాట యేమి?

షరతులు పెట్టువారు టర్నరు కథ వినవలెను. ఈ ఆంగ్ల చిత్రకారుడు 1851లో చనిపోవుచు తన చిత్రములకు ప్రత్యేకశాల కట్టవలెనని కోరెను. బంధువులు వ్యాజ్యమాడిరి. 1856లో పరిష్కారము కుదిరి సుమారు 300 తైలవర్ణ చిత్రములు జాతికి దక్కినవి. ఆయన పేరి సంపద కొరకు కట్టిన క్లోర్ గేలరీ లండనులో తెరువబడినది 1987లో! మా తమ్ముడు "పటము నిత్యము గోడకు వ్రేలాడవలెను" అన్న షరతు పెట్టుమనుచున్నాడు. అది పటమునకే హాని. కాగితముపై నీటిరంగులు వెలుతురునకు వెలిసిపోవును. మ్యూజియములవారు వానికి 50 లక్సులు మించని దీపకాంతి నిచ్చి, కొన్ని నెలలు చూపి, మరల చీకటిలో భద్రపరతురు. వేయి దీపములు పెట్టి పూజించుటకది విగ్రహము కాదు గదా!

నూరేండ్లు దాటిన చిత్రములు 1972నాటి చట్టము క్రింద పురావస్తువులగును. వానికి రిజిస్టరీ కావలెను, చేతులు మారినపుడు అధికారికి తెలుపవలెను. మా పటమున కింకను ఆ వయస్సు రాలేదు. మరియొకటి. పటమునిచ్చినను దానిని అచ్చువేయు హక్కు సాధారణముగా దానితో పోదు. అది చిత్రకారునికిని, ఆయన గతించిన మరుసటి సంవత్సరారంభమునుండి 60 ఏండ్లవరకు ఆయన హక్కుదారులకును చెందును. పాపయ్యగారు 1992లో కీర్తిశేషులైరి గనుక వారి చిత్రముల గడువు 2052 తుదివరకు నుండును.

ఇవన్నియు కాగితపు పనులు. వీనికంటె కష్టమైనది మా అప్పగారిని ఒప్పించుట. ఆమె వయస్సు ఎనుబది దాటినది. "బొమ్మనిస్తావు సరే. నాయనమ్మను కూడా దానం ఇచ్చేస్తావురా?" అని యడిగినది. దీనికి ఏ చట్టమునను సమాధానము లేదు. నేను నాయనమ్మ చేతిలోని వస్తువును చూపి, అది యేమో నా మనుమరాలిని చెప్పుమంటిని. పిల్ల చాలసేపు చూచి "దువ్వెన" అనెను. అప్పగారు ఉలికిపడినది.

అది వాలుగ చేప దవడ యెముక. పొందూరు ఖద్దరు వడకు స్త్రీలు ఆ యెముకకున్న సన్నని పండ్లతో ప్రత్తిని దువ్వి, చెత్త తీసి, పోగు సాపుచేయుదురు. పిమ్మట గింజ తీసి, ఏకి, ఏకులు చేసి, అవి రేగకుండ ఎండిన అరటిదొప్పలో చుట్టి, రాట్నముపై వడకుదురు. నాయనమ్మ ప్రక్కన నేలమీద నున్న గోధుమరంగు తునక ఆ అరటిదొప్పయే. నేను ఇన్నాళ్ళు దానిని తాటాకనుకొంటిని. ఈ సంగతులు తెలుపక పటమునిచ్చినచో, మ్యూజియము పుస్తకములో "పనిచేయుచున్న స్త్రీ, నీటిరంగులు" అని యెక్కును. అందులో నాయనమ్మ ఉండదు, పొందూరు ఉండదు, ఆ పని కూడ ఉండదు.

అటుపిమ్మట అప్పగారు మూడుదినములు చెప్పినది, నేను వ్రాసికొంటిని. నాయనమ్మ పేరు, ఇంటి యానవాలు, ఏతము త్రొక్కినవాని పేరు, ఆ మడిలో అప్పుడు వేయు వరి పేరు. వెనుకనున్న "విశాఖపట్టణము జిల్లా" అన్నమాటనుగూర్చియు ఒక వాక్యము చేర్చితిని. శ్రీకాకుళము జిల్లా 1950 ఆగష్టులో ఏర్పడినది, విజయనగరము జిల్లా 1979లో. ఇది తెలియనివాడు మా యూరిని విశాఖపట్టణముచుట్టు వెదకును. పటమునకు ఎదుటినుండియు, వెనుకనుండియు, ప్రక్కవెలుతురులోను ఛాయాచిత్రములు తీయించితిని. తడిగుడ్డతో తుడువలేదు, చిరుగునకు జిగురుకాగితము అంటింపలేదు. ఆ పని తెలిసినవారి కది విడిచిపెట్టవలెను.

అప్పగారు దానపత్రముపై సంతకము చేసినది. ఒక నిలువెత్తు ఛాయాచిత్రము తన గదిలో పెట్టింపవలెనన్నది ఆమె కోరిక, అది చేయించితిని. మా తమ్ముడు షరతు విడిచెను గాని, సంక్రాంతికి వచ్చి, పటమును మరియొకసారి చూచి, అప్పుడు సంతకము చేయుదునని జాబు వ్రాసినాడు.