గేమింగ్ కంప్యూటరు - ధరల ఆటుపోట్లు

విడిభాగములను కొని గేమింగ్ కంప్యూటరును స్వయముగా అమర్చుకొనదలచిన విద్యార్థికి మొదట ఎదురగు ప్రశ్న: ఇప్పుడే కొనవలెనా, ధర తగ్గువరకు ఆగవలెనా? దీనికి సమాధానము చెప్పుటకు ఆ భాగములు తయారగు విధానము కొంత తెలిసియుండవలెను.

ర్యామ్‌ను ఉదాహరణముగా తీసికొందము. ఐ.బి.ఎమ్. సంస్థకు చెందిన రాబర్ట్ డెన్నార్డ్ 1968లో పేటెంటు పొందిన పద్ధతిలో ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు కలిసి ఒక కణమగును. కెపాసిటరులో విద్యుదావేశమున్నచో 1, లేనిచో 0. 16 గిగాబైట్ల ర్యామ్‌లో ఇట్టి కణములు సుమారు 13,700 కోట్లుండును. వీటిని సిలికాన్ పలకలపై నిర్మింతురు. ఒక పలక వందలాది ప్రక్రియలు దాటి బయటికి వచ్చుటకు నెలలు పట్టును. క్రొత్త కర్మాగారము నిర్మించుటకు సంవత్సరములే పట్టును.

గిరాకి మాత్రము కొద్ది వారములలోనే పెరుగగలదు. వరి కోతల సమయమున ధర ఎంత పలికినను అప్పటికప్పుడు మరొక ఎకరము పండించలేము కదా! ర్యామ్ విషయమును అట్టిదే. సరఫరా మెల్లగాను, గిరాకి వేగముగాను మారుటచే ధరలు ఎగసిపడుచుండును.

2011లో థాయిలాండులో వరదలు కర్మాగారములను ముంచివేయగా హార్డు డిస్కుల ధరలు పెరిగినవి. 2025 చివరి నెలలలో ర్యామ్ ధరలు ఇబ్బడిముబ్బడి అయినవి. కృత్రిమ మేధ కేంద్రములకు కావలసిన పేర్పు ర్యామ్‌కు గిరాకి హెచ్చుటయే దీనికి ముఖ్య కారణము. చిప్పులను ఒకదానిపై ఒకటి పేర్చి చేయు ఈ రకమునకు, అంతే సామర్థ్యముగల మామూలు ర్యామ్‌కంటె హెచ్చు సిలికాన్ కావలెను. ప్రపంచపు ర్యామ్‌లో అధిక భాగమును తయారుచేయు శాంసంగ్, ఎస్.కె. హైనిక్స్, మైక్రాన్ సంస్థలు అటు మొగ్గుటచే మామూలు రకమునకు కొరత ఏర్పడినది.

ఆగినవారికి లాభించిన సందర్భమును కలదు. 2022 సెప్టెంబరులో ఎథీరియం అను డిజిటల్ నాణెము తన విధానమును మార్చుకొనగా, దాని కొరకు గ్రాఫిక్స్ కార్డులు కొనువారు లేకపోయిరి. ఆ ఏడు కార్డుల ధరలు దిగివచ్చినవి. కావున ధర ఏల పెరిగినదో మొదట విచారింపవలెను. గిరాకి తాత్కాలికమైనచో ఓపిక ఫలించును. కర్మాగారముల కొరతయే కారణమైనచో నెల రెండు నెలలు ఆగుటవలన ప్రయోజనము స్వల్పము.

ఇక లెక్క చూతము. కంప్యూటరు మొత్తము ఖర్చు రూ. 1,00,000 అనియు, అందులో ర్యామ్‌కు రూ. 10,000, గ్రాఫిక్స్ కార్డుకు రూ. 45,000 అనియు అనుకొందము. ర్యామ్ ధర రెట్టింపైనచో పెరుగుదల రూ. 10,000. కార్డు ధర నూటికి 20 వంతులు పెరిగినచో రూ. 9,000. రెండును ఇంచుమించు సమానమే! పెరిగిన శాతమును ఆ భాగపు ఖరీదుతో గుణించిన పిమ్మటనే భారము తెలియును.

ధర పెరుగునను భయముతో ఒక్కొక్క భాగమును ముందుగా కొని దాచుటలోను నష్టము కలదు. అన్నియు అమర్చనిదే లోపము బయటపడదు. వారంటీ గడువు మాత్రము సాధారణముగా కొన్ననాటినుండియే నడచును. పైగా డి.డి.ఆర్.4 ర్యామ్ డి.డి.ఆర్.5 మదర్‌బోర్డులో ఇమడదు. అవసరము, కారణము, లెక్క - ఈ మూడింటిని చూచుకొని కొన్నవాడు, తరువాత ధర కొంత తగ్గినను చింతింపనక్కరలేదు.