నిమ్మలకుంటలో దీపాలు పెట్టేవేళ

ధర్మవరం స్టేషన్‌లో రైలు దిగినవాళ్లలో చాలామంది పట్టుచీరల అంగళ్ల వైపు నడుస్తారు. పెళ్లి జవుళి మీద వచ్చిన కుటుంబాలు అవి. రెండు గంటల్లో బేరం ముగించుకుని, సంచులు చంకన పెట్టుకుని, తిరుగు బండి కోసం మళ్లీ స్టేషన్‌కు చేరతారు. వాళ్లకు నాదొక సలహా. చీరలు పొద్దున్నే కొనేసి, సాయంత్రం నాలుగున్నర కల్లా ఆటో మాట్లాడుకుని నిమ్మలకుంటకు పోండి. ధర్మవరం మండలంలోనే ఉంది ఆ పల్లె. నిన్నమొన్నటి దాకా అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. మట్టి మాత్రం అదే ఎర్రమట్టి, ఎండ అదే ఎండ.

పెద్ద నగరాల్లో ఇప్పుడు సాయంత్రపు నడకల మీద మోజు బాగా పెరిగింది. పదిమందిని వెంటబెట్టుకుని ఒక గైడు సందుల్లో తిప్పుతాడు. గోడల మీది బొమ్మలు చూపించి ఎవరు వేశారో, ఎందుకు వేశారో చెబుతాడు. మధ్యమధ్యలో ఏదో ఒక చిన్న బార్‌లో కూర్చోబెడతాడు. మన హైదరాబాద్‌లోనూ ఖైరతాబాద్ దగ్గరి మక్తాలో 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్లు ఇళ్ల గోడలకు బొమ్మలు వేయించాక, ఎవరూ పట్టించుకోని ఆ ఇరుకు సందుల్లోకి కెమెరాలు పట్టుకుని జనం రావడం మొదలైంది. మంచిదే. అనంతపురం సీమలో అలాంటి నడక ఎక్కడ నడవాలి అని ఎవరైనా నన్ను అడిగితే నిమ్మలకుంట పేరే చెబుతాను. ఇక్కడ బొమ్మలు గోడల మీద ఉండవు, తోళ్ల మీద ఉంటాయి. వీధి అరుగుల మీద కూర్చుని వాటికి రంగులు వేస్తారు. చీకటి పడ్డాక దీపం వెనక పెడితే అవి లేచి ఆడతాయి.

ఈ తోలుబొమ్మలాట కళ ఈ నేల మీద ఎందుకు నిలబడిందో తెలియాలంటే ముందు వాన సంగతి మాట్లాడుకోవాలి. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 552 మిల్లీమీటర్లు. నైరుతి మబ్బులు పడమటి కనుమల దగ్గరే కురిసి, మిగిలిన తేమతో ఇక్కడికి చేరతాయి. ఈశాన్య మబ్బులు కోస్తాలో కురిసి, ఇంత లోపలికి వచ్చేసరికి అలిసిపోతాయి. పడితే వేరుశనగ, లేకపోతే బెంగళూరుకు వలస. ఇలాంటి చోట రైతుకు పంట కంటే మేకా గొర్రే ఎక్కువ భరోసా. ముళ్లకంపల్లో ఏదో ఒకటి నమిలి బతుకుతాయి. మేకలున్న చోట తోళ్లకు కరువుండదు. అలా కరువు నేలే ఈ కళకు సరుకు ఇచ్చింది.

ఊళ్లోకి అడుగు పెట్టగానే కనబడేది ఎండలో ఆరుతున్న తోళ్లు. మేకతోలును నానబెట్టి, బొచ్చు గీకి, నాలుగు పక్కలా మేకులు కొట్టి సాగదీస్తారు. ఎండాక అది నూనెకాగితంలా అవుతుంది, వెలుతురు ఇటు నుంచి అటు దాటిపోతుంది. పూర్వం దేవుళ్ల బొమ్మలకు జింక తోలు వాడేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ మాటే లేదు. ఇప్పుడు రాముడైనా రావణుడైనా మేకతోలే.

తోలు మీద పాత బొమ్మను పరిచి ఇనుప మొనతో చుట్టుగీత గీస్తారు. గీతకు నల్ల సిరా పడుతుంది. ఆ తర్వాతి పని దగ్గర నిలబడి చూడండి, కాళ్లు నొప్పి పుట్టినా సరే. చెక్క మొద్దు మీద తోలు పెట్టి, చిన్న ఉలిని నిలబెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ. గింజంత బెజ్జం. పక్కనే ఇంకొకటి. గుండ్రటి ఉలికి చుక్క పడుతుంది, వంపు ఉలికి నెలవంక, చదునైనదానికి గీత. ఈ మూడు నాలుగు ఆకారాలతోనే కిరీటం, కంటె, భుజకీర్తులు, వడ్డాణం, చీర అంచు అన్నీ పుట్టుకొస్తాయి. రంగు పూసిన చోట దీపం వెలుగు రంగుగా వస్తుంది. బెజ్జం పడ్డ చోట మాత్రం వెలుగు వెలుగుగానే వచ్చి మెరుస్తుంది. అందుకే బొమ్మల ఒంటి మీది నగలన్నీ బెజ్జాలే. బంగారానికి ఇంతకంటే మంచి రంగు మరేదీ లేదని ఈ పని కనిపెట్టినవాడికి తెలుసు.

రంగులు తోలుకు రెండు వైపులా వేస్తారు, తెర మీద బొమ్మ ఎటు తిరిగినా ఒకేలా కనబడాలి కదా. భుజం, మోచేయి, నడుము, మోకాలు వేరువేరు ముక్కలు. వాటిని దారంతో ముడివేసి కలుపుతారు. నడిమధ్యన వెన్నెముకగా ఒక వెదురు బద్ద, చేతులు ఆడించడానికి పుల్లలు. పెద్ద బొమ్మ మనిషి ఎత్తుకు దగ్గరగా వస్తుంది. అరుగు మీద చాపలా పడి ఉన్న హనుమంతుణ్ణి ఎత్తి పొద్దు గుంకే ఎండకు అడ్డంగా పెట్టారంటే, చూస్తున్నవాళ్ల చేతుల మీదా చొక్కాల మీదా ఎరుపూ ఆకుపచ్చా పడతాయి. ఈ నడకలో నాకు అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే. పిల్లలను వెంట తీసుకెళ్లండి, వాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు.

ఆ ముఖాలను కాస్త పరిశీలనగా చూస్తే ఎక్కడో చూసినట్టు అనిపిస్తుంది. పక్కకు తిరిగిన ముఖం, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, ముఖంలో సగం ఆక్రమించిన కన్ను, మెలికల మెలికల చీర అంచులు. ఇదంతా లేపాక్షి. హిందూపురం పక్కన కూర్మశైలం మీద అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన వీరభద్రాలయం కప్పు నిండా అలాంటి మనుషులే. పార్వతి పెళ్లి, కిరాతార్జునుల పోరు, మత్స్యయంత్రం, దూడ కోసం గంట కొట్టిన ఆవు కథ, అన్నిటినీ అక్కడ కప్పు మీద గీశారు. ఏ చేయి దేన్ని చూసి నేర్చుకుందో తేల్చే పని పండితులది. నా కంటికి మాత్రం రెండూ ఒకే ఇంటి బిడ్డలు. లేపాక్షి కప్పు మీది బొమ్మలకు ఐదువందల ఏళ్లుగా కదలిక లేదు. నిమ్మలకుంట బొమ్మలు గంపలో కూర్చుని ఊరూరూ తిరిగాయి. గుడికి రాలేని మనిషి వాకిటికి వచ్చి కథ చెప్పాయి. వీలైతే ముందురోజు లేపాక్షి చూసి, మర్నాటి సాయంత్రం ఇక్కడికి రండి. తేడా మీకే తెలుస్తుంది.

ఇక్కడి కళాకారుల కుటుంబాలు ఇంట్లో మాట్లాడుకునేది ఒక రకం మరాఠీ. తరాల కిందట మహారాష్ట్ర వైపు నుంచి వచ్చినవాళ్లు. తెర వెనక్కి వెళ్తే మాత్రం తెలుగు పద్యం, తెలుగు ద్విపద, సీమ యాసలో తెలుగు హాస్యం. గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణాన్ని ఎందరు చదివారో చెప్పలేను గానీ, ఎన్నో పల్లెల్లో అక్షరం రానివాళ్లు కూడా దాన్ని విన్నది ఈ మరాఠీ ఇళ్ల గొంతుల్లోంచే. ఇది మామూలు సంగతి కాదు. ఈ ఊరికి చెందిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. 2024 జనవరి 16న లేపాక్షికి వచ్చిన ప్రధానికి జటాయువు కథను తోలుబొమ్మలాటగానే చూపించారు. జటాయువు కూలింది లేపాక్షిలోనే అని ఈ ప్రాంతపు నమ్మకం.

పొద్దు గుంకాక అసలు పని మొదలవుతుంది. గుంజలు పాతి తెల్లటి తెర కడతారు. ఒకప్పుడు వెనక ఆముదం దీపాలుండేవి, ఇప్పుడు కరెంటు బల్బు. ఆముదం దీపం వెలుగు కదులుతుంది కాబట్టి బొమ్మ ఊపిరి తీసుకుంటున్నట్టు ఉండేదని పెద్దవాళ్లు చెబుతారు. బల్బుకు ఆ గుణం లేదు. ఆటగాడి చేతులు రెండే, పాత్రలేమో నాలుగు. అందుకని మాట్లాడని పాత్రలను ఈతముళ్లతో తెరకు గుచ్చి నిలబెట్టడం పాత పద్ధతి. మొదట వినాయకుడు, ఆ తర్వాత సరస్వతి. హార్మోనియం, మద్దెల, తాళాలు. ఆటగాడి కాళ్లకు గజ్జెలు. యుద్ధం వచ్చిందంటే కాలి కింద చెక్కపలక ధడధడలాడుతుంది. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి ఆడే ఆట ఇది, సీత గొంతు ఇంటి ఇల్లాలిదే. కథ బరువెక్కి కునుకు పడుతున్న సమయానికి హాస్యపాత్రలు జుట్టుపోలిగాడూ బంగారక్కా తెర మీదికి దూకి, ఊరి పెద్దల దగ్గర్నుంచి అందరినీ ఆట పట్టిస్తారు. నేలమీద కూర్చున్న జనం లేచి నవ్వేది అప్పుడే.

ఇంతకు ముందు కరువు ఈ కళకు సరుకిచ్చిందన్నాను. పని ఇచ్చిందీ ఆ కరువే, తీసేసిందీ ఆ కరువే. వేరుశనగ ఇంటికి చేరి, సంక్రాంతి దాటి, చేతిలో నాలుగు డబ్బులుండే రోజుల్లో ఆటలు కట్టించేవారు. శివరాత్రి జాగరణకు తోలుబొమ్మలాట ఉండి తీరాలి. అది మంచి కాలపు మాట. వాన చుక్క రాలని ఏడు కూడా ఆటగాళ్లకు కబురు వచ్చేది, వానల కోసం విరాటపర్వం ఆడమని. ధర్మరాజు ఉన్న దేశంలో వానలు సకాలంలో పడతాయని భీష్ముడు ఆ పర్వంలోనే దుర్యోధనుడితో అంటాడు. ఆ మాటను పట్టుకుని పల్లెలకు పల్లెలు రాత్రంతా మేలుకునేవి. కానీ కరువు ఒక ఏడుతో ఆగనప్పుడు ఆట కట్టించడానికి ఊళ్లో గింజలుండవు, చూడటానికి మనుషులుండరు. బస్సెక్కి బెంగళూరు పోయి ఉంటారు. సినిమా, టీవీ ఆటను చంపాయని అందరూ అంటారు. నిజమే గానీ సగం నిజం. వలసపోయిన ఊళ్లో ఏ ఆటకైనా ప్రేక్షకులెక్కడ?

ఆట తగ్గిన తర్వాత ఈ ఊరిని నిలబెట్టింది దీపపు తొడుగు, అంటే ల్యాంప్‌షేడ్. అదే తోలు, అవే ఉలులు, అవే నెమళ్లు, అదే దశావతారాల వరుస. తెర మీద ఆడాల్సిన బొమ్మ ఇనుప చట్రానికి చుట్టుకుని ఎవరి హాల్లోనో, ఏ హోటల్ గదిలోనో వెలుగుతోంది. గోడకు వేలాడదీసే పటాలు, తలుపు తోరణాలు, చెవి పోగులు కూడా చేస్తున్నారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కొందరు విమర్శకులకు ఇది చిన్నచూపు, కళ సరుకైపోయిందంటారు. నేను ఒప్పుకోను. అన్నం పెట్టింది దీపపు తొడుగే. ఈ పని లేకపోతే ఆ ఉలి పట్టే వేళ్లు ఏ బెంగళూరు కట్టడం దగ్గరో సిమెంటు మోస్తుండేవి. నా బాధ ఇంకొకటి. ఉలి పని పిల్లలకు అందుతోంది, బొమ్మ చేయడం వాళ్లకు వస్తోంది. పద్యం అందడం లేదు. రాత్రి పది గంటల నుంచి తెల్లవారేదాకా, పుస్తకం లేకుండా, సుందరకాండ మొత్తం గొంతులో పెట్టుకున్నవాళ్లు ముసలివాళ్లైపోయారు. అమ్ముడుపోయే దీపానికి ద్విపద అక్కర్లేదు కాబట్టి నేర్చుకునేవాళ్లూ తగ్గారు.

జావా దీవిలో వయాంగ్ అనే తోలుబొమ్మలాట ఉంది. రామాయణ భారతాలే కథలు. ఒక్క దలాంగ్, అంటే ఆటగాడు, తెల్లవారేదాకా అన్ని పాత్రలకూ గొంతిస్తాడు. యునెస్కో 2003లో దాన్ని మానవజాతి వారసత్వ కళగా ప్రకటించింది. దాన్ని చూడటానికి పర్యాటకులు పనిగట్టుకుని వెళ్తారు. అదే దేశీయ పర్యాటకులకు మన ఆటను వేదిక మీద పదిహేను నిమిషాలకు కుదించి, ఫోటో దిగి పంపేస్తున్నాం. పదిహేను నిమిషాల్లో హనుమంతుడు సముద్రం దాటగలడు గానీ లంకలో సీతను వెతకలేడు.

నగరాల నడకల్లో బార్ ఉంటుంది. ఈ నడక చివర ధర్మవరం బజ్జీల బండి ఉంటుంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. బొరుగులు నీళ్లలో ముంచి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో కలిపి, పుట్నాల పొడి చల్లిన ఉగ్గాని. సీమలో అది ప్రధానంగా పొద్దుటి టిఫిను, దొరికితే సాయంత్రం కూడా వదలకండి. పక్కన మిరపకాయ బజ్జీ తప్పదు. దాన్ని కొరికి, కళ్లలో నీళ్లు తిరిగాక, గ్లాసు టీ. మగ్గం దిగి వచ్చిన నేతన్నలు అదే బల్ల మీద కూర్చుని ఉంటారు. వాళ్లతో మాట కలపండి. పట్టుచీర అంచు మీది నెమలికీ, తోలు మీది నెమలికీ ఉన్న చుట్టరికం వాళ్లు మనకంటే బాగా చెప్పగలరు.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. ముందే కబురు చేసి వెళ్లండి, ఎందుకంటే అవి పని జరిగే ఇళ్లు, ప్రదర్శనశాలలు కావు. ఎండాకాలం వద్దు. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా బాగుంటుంది. దీపం కొంటే ఇంటి దగ్గరే కొనండి, పట్నం కొట్లో ఇచ్చే డబ్బులో ఎంత ఈ ఊరికి చేరుతుందో ఆలోచించండి. బేరం మరీ గీచి ఆడొద్దు. ఒక్కొక్క బెజ్జానికీ ఒక్కొక్క సుత్తి దెబ్బ పడిందని ఇప్పుడు మీకు తెలుసు.

అన్నిటికంటే ముఖ్యంగా ఆట అడగండి. మీ ఊరి జాతరకో, కాలనీ వినాయక చవితికో, పిల్లల బడి వార్షికోత్సవానికో ఒక జట్టును పిలవండి. పావుగంట చాలదని, కనీసం రెండు గంటల ఆట కావాలని చెప్పండి. ప్రయాణ ఖర్చులూ భోజనమూ మీరే చూసుకోండి, పారితోషికం ముందుగానే మాట్లాడుకోండి. బెంగళూరు, హైదరాబాద్‌లలో స్థిరపడిన సీమవాళ్లు తలుచుకుంటే ఇది ఏమంత పెద్ద ఖర్చు కాదు. పిలుపు వస్తేనే పిల్లలు పద్యం నేర్చుకుంటారు. ఈ ఏడే పిలవండి.